సర్దారమ్మ ఎడమ కనుబొమ

మంచిర్యాల బస్టాండు ఎదురుగా ఒక మేడ మీద కొత్త బోర్డు పెట్టారు. దాని మీద ఆడమనిషి ముఖం ఉంది. ముక్కు మీదుగా నిలువు గీత గీసి ఆ ముఖాన్ని రెండు సగాలు చేశారు. ముడతలున్న సగం కింద ‘ముందు’ అని, తోడుకున్న పెరుగులా ఉన్న సగం కింద ‘తర్వాత’ అని రాశారు. ముడతలకు సూది వేస్తారట. ఆ బోర్డు కింద నిలబడి నేనెక్కాల్సిన బస్సు వదిలేశాను. అలాంటి ముఖాన్ని నేను ఎదురుగా చూశాను. అయితే నేను చూసినదాన్ని అడ్డంగా కోశారు. దాని పై సగం ఒకరిది, కింది సగం ఇంకొకరిది.

ఆమె పోయి రెండు నెలలైంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. భర్త బొగ్గుబాయిలో సర్దార్ కాబట్టి ఆమె సర్దారమ్మ అయింది. సర్దార్ అంటే పనివాళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళే మనిషి. కర్రతో పైకప్పు బండను తట్టి, ఆ చప్పుడు విని, అది నిలుస్తుందో కూలుతుందో చెప్పాలి. మా రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ.

పొద్దున ఆమె ముఖం కడగడం చూడవలసిన సంగతి. వాకిట్లో మేకుకు అరచేయంత అద్దం ఉండేది, దానికి ఎర్ర ప్లాస్టిక్ చట్రం. నీళ్ళు చల్లుకుని, కొంగుతో తుడుచుకుని, అద్దంలోకి చూస్తూ “లేసిన్రా అందరు?” అని అడిగేది. కనుబొమలు పైకెత్తేది. నుదుటి మీద గీతలన్నీ ఒకేసారి లేచేవి. “లేసిన్రు,” అని తనే చెప్పుకుని పొయ్యి దగ్గరికి పోయేది.

ఆ గీతలకు పేర్లున్నాయి. కనుబొమల మధ్య కుడివైపు నిలువు గీత మీద వేలు పెట్టి, “ఇది మా అత్తక్కా. బతికినన్ని దినాలు నెత్తి మీద గూసున్నది, సచ్చినంక గీడ గూసున్నది,” అనేది. దాని పక్కన ఎడమవైపు ఉన్నది రెండేళ్ళకే జ్వరంతో పోయిన కొడుకు. దాన్ని చూపేటప్పుడు వేలు ఆనించేది కాదు, దగ్గరి దాకా తెచ్చి ఆపేది. నుదుటి మీద మూడు అడ్డగీతలు తల్లి, తండ్రి, బావి తవ్వుతూ పోయిన అన్న. కళ్ళ చివర్ల సన్నగా విచ్చుకున్నవాళ్ళు “లైనోళ్ళు”.

లైనులో ఎవరు పోయినా మొదటి శోకం ఆమెదే. పోయినవాడు ఏ కూర అడిగి వండించుకునేవాడో, చెప్పు తెగితే ఎన్నిసార్లు కుట్టించుకునేవాడో, అన్నీ రాగంలో పెట్టి ఏడ్చేది. ఆమె ఏడిస్తేనే ఇంటివాళ్ళకు ఏడుపు వచ్చేది. “గీత ఊర్కె పడదక్కా. ఏడ్సినప్పుడు వస్తది, నవ్వితె పోతది. ఏడాది ఏడిస్తె ఇంగ పోదు, గీడనే కాపురముంటది,” అని నాకు చెప్పింది.

ఆమె ఎంత మాట్లాడేదో సర్దార్ అంత మాట్లాడడు. ఆయన మాటలు చాలావరకు ఎడమ కనుబొమలోనే ఉండేవి. కుడిది కదలకుండా ఎడమదొక్కటే పైకి లేచేది. షిఫ్టు దిగి వచ్చేసరికి భార్య ఇంట్లో లేకపోతే మా గడప ముందు నిలబడేవాడు. నోరు తెరవడు, కనుబొమ లేపుతాడు. ఎక్కడుంది అని దానర్థం. నీళ్ళకు పోయి ఉంటే, “నల్ల కాడికి పోయింది తమ్మీ,” అనేదాన్ని. కనుబొమ దిగేది, ఆయన వెళ్ళిపోయేవాడు. ఒకసారి పరాచికానికి జవాబు చెప్పకుండా బియ్యం ఏరుతూ కూర్చున్నాను. సగం చేట ఏరాను. తలెత్తి చూస్తే మనిషి అక్కడే ఉన్నాడు, కనుబొమ అక్కడే ఉంది. చెప్పిన తర్వాతే దిగింది. బాయిలో కూడా అంతేనట. టోపీ కింద ఆ కనుబొమ లేస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి సంగతి చెప్పేవాళ్ళట.

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఆయన మొదటి షిఫ్టు దిగి, తలకు పెట్టుకునే దీపం లాంప్ రూమ్‌లో అప్పజెప్పి, అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. తల గోడకు ఆనించాడు. నిద్రపోతున్నాడనుకుని రెండో షిఫ్టువాళ్ళంతా ఆయన ముందు నుంచే బాయిలోకి దిగారు.

పదమూడో రోజు దాటాక ఉద్యోగం సంగతి వచ్చింది. వాళ్ళకు మిగిలింది ఒక్కతే బిడ్డ, పెళ్ళయి కాసిపేటలో ఉంటుంది. పెళ్ళయిన బిడ్డకు తండ్రి ఉద్యోగం రాదు. భార్యకు వస్తుంది, నలభై అయిదు దాటకపోతే. దాటితే నెలనెలా కొంత ఇస్తారు, క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆమె రేషన్ కార్డులో నలభై ఒకటి ఉంది, ఓటు కార్డులో నలభై ఎనిమిది. బడికి పోయిన మనిషి కాదు. ఏది నిజమో తేల్చడానికి పెద్ద దవాఖానలో డాక్టర్ల బోర్డు ముందుకు రమ్మన్నారు.

“ఇల్లు పోతె నేను యాడికన్న పోత. ఆయన యాడికి పోతడక్కా? వచ్చి నీ గడప కాడ నిలవడ్తడు, నువ్వేం చెప్తవ్?” అంది ఒకరోజు, బట్టలు పిండుతూ. మామూలుగా అడిగినట్టే అడిగింది.

లైను మొదట్లో, అందరూ కాక అని పిలిచే పెద్దాయన ఉండేవాడు. సర్దార్ కింద చాలా ఏళ్ళు బొగ్గు నింపి రిటైరైన మనిషి. బోర్డు ఎట్లా ఉంటుందో ఆయన చెప్పాడు.

“ఏముంటది బిడ్డా, మొఖం జూస్తరు, రాస్తరు. మమ్ముల తీసుకున్ననాడు లైనుగ నిలవెట్టిన్రు. డాక్టరు నా మూతి జూసిండు. మీసం సరిగ మొలవలే. ఇరవై రాయి అన్నడు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు. ఆ మీసం పున్యాన ఎక్కువ దినాలు నౌకరి జేసిన. మా ఎనుక వచ్చిన సర్దార్‌కు మీసం గుబురుగుండె, పాపం ఉన్నదానికన్న ఎక్కువ రాసిన్రు.”

మా లైనులో మగవాళ్ళ వయసులన్నీ అట్లా ముఖం చూసి రాసినవే. మాకు వయసంటే అదే తెలుసు. ఆ మాట విన్నప్పటినుంచి సర్దారమ్మ అద్దం ముందు ఎక్కువసేపు ఉండసాగింది. “లేసిన్రా” అని అడగడం మానేసింది. రెండు బొటనవేళ్ళతో నుదురును పక్కలకు లాగి పట్టుకుని, “జరసేపు పండుకోండ్రి, జరసేపు,” అనేది.

జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు ఇంట్లో రొట్టెలు చేయడానికి ఆమె కొంతకాలంగా పోతోంది. సూది సంగతి అక్కడే తెలిసింది. “మా మేడం నొసలు ఇస్త్రీ జేసినట్టున్నదక్కా. మంచిర్యాలల నెలకొక్కసారి డాక్టరమ్మ వస్తదట. నువ్వు తోడు రా, కాయితం గీయితం ఇస్తె చదువుతవు,” అంది. నేను అక్షరాలు నేర్చుకుని అప్పటికి నాలుగేళ్ళు. మెల్లగానే అయినా చదివేదాన్ని. ఆ రోజు ఆమె చెవులకు కమ్మలు లేవు. సూదికి డబ్బెక్కడిదో నాకు తెలిసింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగల మనిషి. “మీకెందుకమ్మా ఇది?” అని అడిగింది. “పనున్నదమ్మా,” అంది సర్దారమ్మ. డాక్టర్ల బోర్డు మాట చెబితే వేయదేమోనని మేము దారిలోనే అనుకున్నాం. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె మమ్మల్ని అప్పుడే ఇంటికి పంపేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

నరాల జబ్బు, కండరాల బలహీనత ఉన్నాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగి రాసుకుంది. కడుపుతో ఉంటే వేయనంది. సర్దారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇది తోలుకు కాదు, కింద ముడిచే కండకు,” అని చెప్పింది డాక్టరమ్మ. “ఆ కండను నిద్రపుచ్చుతుంది. మూడు నాలుగు రోజులకు మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తిగా పడుకుంటుంది. మూడు నాలుగు నెలలకు మళ్ళీ లేస్తుంది. ముఖం ముడిస్తే పడే గీతలు పోతాయి. ముడవకపోయినా ఉండే పాతవి సన్నబడతాయి గానీ పూర్తిగా పోవు.”

“నిద్రేనా అమ్మా, సచ్చిపోదు గద?” అని నేను అడిగాను.

“నిద్రేనమ్మా.”

“బెంచీ మీద ఆయన్ను గూడ నిద్రనే అన్నరు,” అంది సర్దారమ్మ. డాక్టరమ్మకు ఎవరి గురించో అర్థం కాలేదు. నుదురు ముడవమంది, కళ్ళు బిగించమంది. పెన్నుతో చుక్కలు పెట్టి సన్నటి సూదితో ఒక్కో చుక్క మీద పొడిచింది. ఆవాలంత బొడిపెలు లేచి అణిగిపోయాయి. అత్త దగ్గర, కొడుకు దగ్గర, అమ్మానాన్నల దగ్గర. పొడిచిన ప్రతిసారీ సర్దారమ్మ పెదవులు కదిలాయి. వాళ్ళకు ఏదో చెబుతోందని నాకు తెలుసు.

వచ్చేటప్పుడు కాగితం ఇచ్చారు. బస్టాండులో కూడబలుక్కుని చదివాను. నాలుగు గంటలు పడుకోకూడదు, తల వంచకూడదు, ముఖం రుద్దకూడదు. తలనొప్పి రావచ్చు, సూది గుచ్చినచోట కమలవచ్చు. కనురెప్ప వాలవచ్చు. కనుబొమలు ఎక్కువతక్కువలు కావచ్చు, అట్లా అయితే రెండు వారాలకు వస్తే సరిచేస్తారు. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా దవాఖానకు పోవాలి.

గోదావరి వంతెన మీద బస్సు గుంతలో పడి లేచింది. సర్దారమ్మ నెత్తిన నిండు బిందె ఉన్నట్టు నిటారుగా కూర్చుంది. “ఆయన నౌకరి జేసినన్ని దినాలు బాయిల పైకప్పుకు బోల్టులు గొట్టిచ్చిండు. ఇయ్యాల నా నొసలుకు గొట్టిన్రు. ఇంగ కూలది,” అంది. వేలి కణుపుతో నుదురు తట్టబోయి, రుద్దొద్దన్న మాట గుర్తొచ్చి చెయ్యి దించుకుంది.

వారం తిరిగేసరికి వాళ్ళంతా వెళ్ళిపోయారు. కళ్ళ చివర్ల లైనువాళ్ళు లేరు, అన్న లేడు, తల్లిదండ్రులు లేరు. కొడుకున్న చోటు చదునుగా ఉంది. అత్త మాత్రం దారపుపోగంత మిగిలింది. “ముసల్దాన్ని డాక్టరమ్మ గూడ కదిలియ్యలేకపాయె,” అని నవ్వింది. నోరు నవ్వింది. నుదురుకు ఆ నవ్వు అందలేదు. కణుపుతో నుదురు తట్టి, తల పక్కకు వంచి చప్పుడు విన్నది. ఆయన బండను తట్టి విన్నట్టే. “మంచిగున్నది,” అంది.

పదో రోజున నేను బియ్యం ఏరుతున్నాను. గడప దగ్గర నీడ పడింది. తలెత్తకుండానే కనుబొమ కనిపించింది. కుడిది కదలలేదు. ఎడమది చివర పైకి లేచి ఉంది. మనిషి మాట్లాడలేదు.

“నల్ల కాడికి పోయింది తమ్మీ,” అన్నాను.

మాట నోరు దాటాక చూశాను. నిలబడింది సర్దారమ్మ. చేతిలో ఖాళీ గిన్నె ఉంది, చింతపండు అడగడానికి వచ్చింది. చేట నా ఒళ్ళో నుంచి జారి బియ్యం గచ్చు మీద పోయాయి. ఆమె ఏరడానికి వంగలేదు. నన్నే చూస్తూ, “వచ్చిండు గదక్కా,” అంది. కంటి కింద అంతా ఏడుస్తోంది. కంటి పైన ప్రశ్న ఉంది.

కాగితంలో రాసి ఉన్నదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కువతక్కువలు కావచ్చన్నారు, అయింది. ఎందుకైందో తెలిసినా భయం తగ్గలేదు. ఎడమదే ఎందుకు కావాలి?

రెండు వారాలకు నేనే గుర్తు చేశాను. పోతే చిన్న సూదితో దించుతారట అన్నాను.

“ఎందుకు దించుతరు? వాళ్ళందర్ని పంపితె ఈయన వచ్చిండు. నేను పోనియ్యను.”

“బోర్డుల అడుగుతె?”

“అడగనియ్యి. పుట్టుకతోనే గింతె అంట.”

ఆ తర్వాత కొన్నాళ్ళకే లైను చివర క్వార్టర్‌లో పాతికేళ్ళ పిల్లవాడు బండి మీద నుంచి పడి చనిపోయాడు. వాడు కూడా సర్దార్ దగ్గర పని నేర్చినవాడే. ఎప్పటిలాగే సర్దారమ్మ ముందు పోయింది. ఆ పిల్లవాడి భార్య మెడ పట్టుకుని శోకం ఎత్తుకుంది. గొంతు అదే, రాగం అదే. వాడు మొదటిసారి బాయిలో దిగిన రోజు లోపలికి తేకూడని అగ్గిపెట్టె జేబులో దొరికితే సర్దార్ చూసిన చూపును కూడా పాటలోకి తెచ్చింది. ఆ పిల్ల తలెత్తి ఈమె ముఖం చూసింది. ఏడుపు కోసేసినట్టు ఆగిపోయింది. సర్దారమ్మ పెదవులు వంకర్లు పోతున్నాయి, గడ్డం వణుకుతోంది, నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు కారుతున్న కళ్ళ పైన నుదురు మాత్రం ఇవేమీ విననట్టు నున్నగా ఉంది. ఒక కనుబొమ లేపి, ఏమైంది అని అడుగుతోంది.

ఆ పిల్ల మెడ విడిపించుకుని వెనక్కి జరిగింది. సర్దారమ్మకు ఎందుకో తెలియలేదు. సాయం కోసం వాకిట్లో గొంతుక్కూర్చున్న మగవాళ్ళవైపు తిరిగింది. మొదట లేచింది కాక. నెత్తి మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన ఇద్దరు లేచారు, ఆ తర్వాత సర్దార్ కింద పనిచేసినవాళ్ళంతా లేచారు. లెమ్మని ఎవరూ చెప్పలేదు.

“పోరడు పోయిండు సర్దార్. లారీ సందుల నుంచి రాబోయి, బండి జారింది,” అన్నాడు కాక. పైవాడికి సంగతి అప్పజెప్పినట్టు చెప్పాడు. చెప్పి, తను ఎవరితో మాట్లాడాడో చూసుకుని, అరుగు మీద కూలబడ్డాడు.

మర్నాడు నల్ల దగ్గర ఆడవాళ్ళు, “మొగడు జొచ్చిండు దాంట్ల,” అనుకున్నారు. నాకు కాగితం సంగతి తెలుసు. చెబితే సూది సంగతి బయటపడుతుంది, బోర్డు దాకా పోతుంది. బిందె నింపుకుని వచ్చేశాను. ఆ తర్వాత చావులకు ఆమెను ఎవరూ పిలవలేదు. దూరం నుంచి శోకం వినబడితే తన గడపలోనే నిలబడి సన్నగా గొంతు కలిపేది. ఆ ఇంట్లోవాళ్ళకు వినబడకుండా చూసుకునేది.

వినాయక చవితి తర్వాత బోర్డుకు రమ్మన్న తేదీ ఉంది. దానికి నాలుగు రోజుల ముందు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. రోడ్ల మీదే వంటలు వండుకుని బంతులుగా కూర్చుని తిన్నాం. జెండా పట్టుకుని సర్దారమ్మ కూడా వచ్చింది. ఆమె పక్కన మాత్రం కాస్త ఖాళీ ఉండేది. నినాదాల మధ్య నా చెవి దగ్గర, “రాష్ట్రం రావాలె గని, నా మొఖం పోతది గదక్కా,” అంది.

నెల దాటింది. సమ్మె విరమించాక బోర్డుకు ఇంకో తేదీ ఇచ్చారు, అది చలికాలంలో. ఆలోపు సూది బలం తగ్గుతూ వచ్చింది. అద్దంలో కుడి ఎడమవుతుందని దాన్ని నమ్మేది కాదు. రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని, “ఉన్నడా?” అని అడిగేది. కనుబొమ చివర రోజుకు అగ్గిపుల్ల మందాన దిగుతోంది. “ఉన్నడు,” అనేదాన్ని. కళ్ళ చివర్ల లైనువాళ్ళు ఒకరొకరే వచ్చారు. అన్న వచ్చాడు, తల్లి వచ్చింది. కొడుకు వచ్చిన రోజు ఆమె ఆ చోటికి వేలు దగ్గరగా తెచ్చి ఆపింది.

“అందరు లేస్తున్నరు. ఆయన పండుకుంటుండు,” అంది.

బోర్డుకు నేనూ తోడుపోయాను. లోపల ఎంతోసేపు ఉంచారు. బయటికి వచ్చి నా పక్కన కూర్చుని, పక్కవాళ్ళ బిస్కెట్టు పొట్లం వైపు చూస్తూ ఉండిపోయింది.

“మొఖం జూడనే లేదక్కా. ఛాతి బొక్కలకు, నడుము బొక్కలకు ఫొటోలు తీసిన్రు. నోరు తెరువుమని పండ్లు జూసిన్రు. మొఖం జూడరా సారూ అంటె, మొఖం జూసి రాసే కాలం ఎన్నడో పోయిందమ్మా అన్నడు.” మోచేతి ఎముకను వేళ్ళతో తడిమి చూసుకుంది. “బొక్కలల్ల ఏం రాసుంటదక్కా? ఎవ్వల పేర్లుంటయి?”

నలభై నాలుగని తేల్చారు. సూది వేసుకోకపోయినా అదే తేలేది. క్వార్టర్ నిలిచింది, ఉద్యోగం వచ్చింది. ఊడ్చి నీళ్ళు పెట్టే పని. సర్దార్ తల ఆనించిన బెంచీ ఉన్న లాంప్ రూమ్ కూడా ఆమె ఊడ్చే వాటిలో ఒకటి.

మొదటి జీతం రాగానే నన్ను తీసుకుని మళ్ళీ మంచిర్యాల పోయింది. అదే డాక్టరమ్మ. పాత కాగితంలో మందు లెక్క చూసి, “పోయినసారి ఎడమవైపు కొంచెం లేచి ఉంటుంది, మీరు చూపించుకోవడానికి రాలేదు,” అంది.

“గట్లనే చెయ్యాలెనమ్మా. మొన్నటి లెక్కనే.”

“తప్పును కావాలని చెయ్యరమ్మా,” అని నవ్వింది డాక్టరమ్మ. ఈసారి రెండు వైపులా సమానంగా వేసింది. గీతలు పోయాయి. కనుబొమలు రెండూ బుద్ధిగా ఒకే వరసలో నిలబడ్డాయి. బస్టాండు ఎదుటి కొత్త బోర్డు మీద బొమ్మలో ‘తర్వాత’ అన్న సగంలాగే ఉంది ముఖం. వారం, పది రోజులు, రెండు వారాలు చూసింది. ఆయన రాలేదు. ఈసారి ఆమె ముఖంలో ఎవరూ లేరు. అట్లా ఖాళీ అయిన ముఖాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దున పలకరిస్తే, ఇల్లు తెరిచి ఉండీ లోపలినుంచి జవాబు రానట్టుండేది.

నెలలు గడిచి పాతవాళ్ళంతా తిరిగి వచ్చాక కూడా ఆమె ఇంకో సూదికి పోలేదు. నా దగ్గరికి వచ్చేది. డ్యూటీకి పోయేముందు మా గడపలో నిలబడి, “నీ ఎడమ కనుబొమ ఎత్తక్కా, కుడిది ఎత్తకుంట,” అనేది. ఎంత ప్రయత్నించినా నాకు రెండూ లేచేవి. “నీతోని కాదు,” అని బొటనవేలితో నా ఎడమ కనుబొమను పైకి నెట్టి పట్టుకునేది. నేను కళ్ళు ఆర్పకుండా ఉండాలి. కాసేపు చూసి, వదిలేసి, బాక్సు తీసుకుని డ్యూటీకి పోయేది. రెండేళ్ళు, సెలవు రోజులు తప్ప, పొద్దున్నే ఆ బొటనవేలు నా నుదుటి మీద పడింది. బూడిదతో గిన్నెలు తోమిన గరుకు వేలు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఆమె అడగకముందే ముఖం ముందుకు పెట్టేదాన్ని.

రాష్ట్రం వచ్చిన వేసవిలో ఆమెకు కామెర్లు ముదిరాయి. బయట ఊరేగింపుల డప్పులు దవాఖాన మంచం దాకా వినబడుతున్నాయి. బిడ్డ కాసిపేట నుంచి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. సర్దారమ్మ చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. నాకు తెలిసింది. ముఖం దగ్గరికి వంచి బలమంతా పెట్టి ఎడమ కనుబొమ ఎత్తాను. రెండూ లేచాయి.

“పోనీ తియ్యి,” అంది.

చివరి స్నానం నేనే చేయించాను. పసుపు రాస్తుంటే నా అరచేతి కింద గీతలు ఒక్కొక్కటే సడలి పోయాయి. ఒక్కొక్కరినీ పేరు పేరునా అనుకుంటూ పంపాను. అత్త కూడా పోయింది ఈసారి. శోకం ఎత్తుకోవడానికి లైనులో ఎవరూ మిగలలేదు. నాకు వచ్చినంత నేను ఏడ్చాను, రాగం కుదరలేదు.

క్వార్టర్ ఖాళీ చేస్తూ బిడ్డ ఆ ఎర్ర చట్రం అద్దం నాకిచ్చింది. “నువ్వుంచుకో పెద్దమ్మా, నాకు భయమైతది,” అంది. మా వాకిట్లో మేకుకు పెట్టాను. పక్కింటికి ఇంకా ఎవరూ రాలేదు.

మంచిర్యాల నుంచి వచ్చిన మర్నాడు, అంటే నిన్న పొద్దున, ముఖం కడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. ఆమె మాట నోటికి వచ్చింది. “లేసిన్రా?” అన్నాను. నేను కనుబొమలు ఎత్తలేదు. కుడిది దాని చోటే ఉంది. ఎడమది లేచింది.

చెంబు కింద పెట్టాను. చేత్తో నొక్కి దించాను. తీయగానే మళ్ళీ లేచింది. రెండేళ్ళు ఒక వేలు నెట్టిన కండ కదా, అలవాటుపడి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ కనుబొమ ఏమడుగుతోందో నాకు తెలుసు. ఆ ప్రశ్నకు ఈ గడపలోనే ఎన్నోసార్లు జవాబు చెప్పినదాన్ని.

“నీ కాడికే వచ్చింది గద తమ్మీ,” అన్నాను.

కనుబొమ దిగలేదు.